ఉత్తరాంధ్ర పెరట్లో గ్లాడియోలస్: తుఫానులు వెళ్లాక నాటి, ఎండలు ముదరకముందే కోసుకొనే విధానం

గ్లాడియోలస్ దుంపల ప్యాకెట్ మీద అచ్చువేసిన నెలలను చూసి నాటే తేదీని నిర్ణయించుకోకండి. ఐరోపాలోనూ, అమెరికా ఉత్తర ప్రాంతాలలోనూ ఈ దుంపలను మంచు కరిగిన తరువాత నాటుతారు, జూలై, ఆగస్టు నెలల్లో పూలు కోస్తారు, అందువల్ల అక్కడ ఇది వేసవి పూవు. అక్కడి వేసవి పగళ్లు మన వేసవి కంటె చాలా చల్లగా గడిచిపోతాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆ చల్లదనానికి దగ్గరగా వచ్చేవి కార్తీకం చివరి నుంచి మాఘం వెళ్లేవరకు ఉండే రెండు మూడు నెలలు మాత్రమే. కాబట్టి మనకు ఇది శీతకాలంలో పెరిగి, వేసవి గుమ్మంలో పూసి ముగిసే మొక్క. నేల, ఎరువు, నీరు అన్నీ ముఖ్యమే గాని, మన ప్రాంతంలో ఈ పంట నిలిచేదీ పోయేదీ మొదట తేదీ మీదనే అని నేను అనుభవంతో చెప్పగలను.

ఆ తేదీకి ఒక వైపు తుఫాను, మరో వైపు ఎండ కాపలా ఉంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ మన తీరాన్ని ఎలా కొట్టాయో ఇక్కడివారికి గుర్తు చేయనక్కరలేదు. అంత పెద్దవి రాకపోయినా అక్టోబరులో, నవంబరు మొదటి పక్షంలో వాయుగుండం పట్టి రెండు మూడు రోజులు విడవకుండా కురిసే వానలు మనకు మామూలే. అప్పుడే నాటిన దుంప తడి నేలలో ఊపిరాడక కుళ్లిపోతుంది. సంక్రాంతికి పూలు కావాలన్న ఆశతో నేను మొదటి సంవత్సరం అక్టోబరు రెండో వారంలో, అదీ పల్లపు మడిలో, అరవై దుంపలు నాటాను. వాటిలో మొలిచినవి పదకొండు. మరోవైపు, జనవరి సగం దాటాక నాటితే పూల కాడ బయటికి వచ్చే సమయానికి ఏప్రిల్ ఎండలు మొదలవుతాయి, పై మొగ్గలు విచ్చుకోకుండానే అంచులు మాడిపోతాయి.

అందువల్ల నవంబరు 15 నుంచి డిసెంబరు చివరి వరకు ఉన్న ఆరు వారాలను మీ నాటు కాలంగా పెట్టుకోండి. ఉన్న దుంపలన్నీ ఒకేసారి నాటితే పూలన్నీ పది పన్నెండు రోజుల్లో వచ్చి అయిపోతాయి. మూడు భాగాలు చేసి పదిహేను రోజుల ఎడంతో నాటితే ఫిబ్రవరి మొదటి నుంచి మార్చి చివరి వరకు ఇంట్లో పూలు ఉంటాయి. రకాన్ని బట్టి నాటిన 60 నుంచి 100 రోజులకు పూత వస్తుంది, ఎక్కువ రకాలు 75 నుంచి 90 రోజుల మధ్యలో పూస్తాయి. ఒక శుభకార్యానికి పూలు కావాలంటే వెనక్కి లెక్క కట్టండి. ఉదాహరణకు ఫిబ్రవరి మొదటి వారంలో రథసప్తమి పడిన సంవత్సరం, అరసవల్లి తీర్థానికి వచ్చే చుట్టాల కోసం ఇల్లు అలంకరించుకోవాలనుకుంటే, నవంబరు మూడో వారానికి దుంపలు నేలలో ఉండాలి. మాఘమాసపు పెళ్లిళ్లకు పందిరి అలంకరణగా అమ్మాలనుకొనేవారికి కూడా ఇదే లెక్క పనికి వస్తుంది.

దుంపలను ఎంచుకోవడం

నాటేది నవంబరులోనే అయినా దుంపల కోసం ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే నర్సరీకి చెప్పి ఉంచాలి. కాలింపాంగ్, పుణె, బెంగళూరు వైపు నుంచి వచ్చే దుంపలు ముందుగా అడిగినవారికే మంచి సైజులో దొరుకుతాయి. కొనేటప్పుడు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఇవి శీతల గిడ్డంగిలో ఉంచినవేనా? గ్లాడియోలస్ దుంప తవ్విన తరువాత రెండు మూడు నెలలు నిద్రలో ఉంటుంది, ఆ నిద్ర సరిగా తీరాలంటే దానికి చల్లదనం కావాలి. నిద్ర తీరని దుంపలను నాటితే కొన్ని ఇరవై రోజులకు, కొన్ని రెండు నెలలకు మొలుస్తాయి, కొన్ని అసలు మొలవవు. ఒక విక్రేత నాకు ఇలాంటి దుంపలను తాజా సరుకని చెప్పి అమ్మినప్పుడు ఒక సీజన్ అంతా పోయింది. నిద్ర తీరిందో లేదో కంటితోనే తెలుసుకోవచ్చు: పైన మొన చిన్నగా ఉబ్బి, అడుగున వలయంలా వేళ్ల బొడిపెలు కనిపిస్తే దుంప సిద్ధంగా ఉన్నట్టు.

అడ్డుకొలత 4 నుంచి 5 సెంటీమీటర్లు ఉన్న దుంపలను తీసుకోండి. అంతకంటె వెడల్పుగా ఉండి పల్చగా, అప్పచ్చిలా ఉన్న దుంప చూడడానికి పెద్దదే గాని అది ముసలిది. కొంచెం చిన్నదైనా గుండ్రంగా, ఎత్తుగా ఉన్నదే బలమైన కాడను ఇస్తుంది. పైపొరను కొద్దిగా తొలగించి చూడండి. గోధుమరంగు గుంటలు, నల్లటి మచ్చలు ఉన్నా, బొటనవేలితో నొక్కితే మెత్తగా దిగినా అది మీ పెరట్లోకి తెగులును మోసుకువస్తుంది కనుక వద్దనండి.

రంగుల విషయంలో ఎవరి ఇష్టం వారిది. వైట్ ప్రాస్పెరిటీ తెల్లనిది, నోవా లక్స్ పసుపు, అమెరికన్ బ్యూటీ ముదురు గులాబీ. ఈ మూడూ పాతవి, నమ్మకమైనవి. బెంగళూరు దగ్గర హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ అర్క పేరుతోను, ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ పూసా పేరుతోను మన దేశపు రకాలను విడుదల చేశాయి, దొరికితే వాటినీ వేసి చూడండి. మొదటిసారి పెంచేవారు మాత్రం పది రకాలు పదేసి కాకుండా రెండు రకాలు యాభయ్యేసి తీసుకోవడం మంచిది, ఎందుకంటే ఏ రకం మన గాలికి సరిపడిందో అప్పుడే తెలుస్తుంది.

నేల తయారీ

రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగిలే చోటు కావాలి. కొబ్బరి నీడలో, మామిడి కింద ఆకులు వస్తాయి గాని పూలు రావు. పడమటి గోడకు ఆనుకొని మాత్రం నాటకండి, మధ్యాహ్నం తరువాత గోడ నుంచి కొట్టే వేడికి మార్చిలో పూలు వాడిపోతాయి.

నీరు నిలవని నేల అయితే చాలు, ఈ మొక్క పెద్దగా పట్టింపు పెట్టదు. మన గరువు భూముల్లోని ఎర్రటి ఇసుక కలిసిన నేలలు, నాగావళి, వంశధార ఒడ్డున ఉండే ఒండ్రు నేలలు దీనికి బాగా నప్పుతాయి. ఉద్దానం వైపు, తీరానికి దగ్గరగా ఉన్న వట్టి ఇసుక నేలల్లో గెత్తం (పశువుల ఎరువు) రెట్టింపు వేసి, తడి తరచుగా ఇవ్వాలి. వరి పండిన పల్లపు మడి తప్ప వేరే చోటు లేకపోతే, ఒక మీటరు వెడల్పున, జానెడు ఎత్తున మడులు పోసి, రెండు మడుల మధ్య నీరు బయటికి పోయే కాలువ తీయండి. నవంబరులో ఒక అకాల వాన వచ్చినా ఈ ఎత్తే దుంపను కాపాడుతుంది.

నాటడానికి మూడు వారాల ముందు పారతో ఒక అడుగు లోతున తవ్వి మట్టిని ఎండనివ్వండి. తుంగ గడ్డలు ఉంటే ఇప్పుడే ఏరివేయాలి. గ్లాడియోలస్ ఆకు సన్నగా నిలువుగా ఉండి నేలను కప్పదు కనుక, తరువాత తుంగ పైచేయి అవుతుంది. చదరపు మీటరుకు 4 నుంచి 5 కిలోల బాగా చివికిన గెత్తం కలపండి. పచ్చి గెత్తం వేస్తే చెదలు పట్టడమే కాక, దుంప కుళ్లు కూడా ఎక్కువ అవుతుంది. గెత్తంలో ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రపు పొడిని కలిపి పది రోజులు నీడలో తడిగా ఉంచి వేస్తే ఎండుతెగులును కొంతవరకు అడ్డుకోవచ్చు. ఆఖరి దుక్కిలో చదరపు మీటరుకు డీఏపీ 40 గ్రాములు, మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ 30 గ్రాములు కలిపి నేలను చదును చేయండి. సూపర్ ఫాస్ఫేట్‌ను నేను వాడను, దానికి కారణం ఉంది. గ్లాడియోలస్ ఫ్లోరైడ్‌ను తట్టుకోలేదు, సూపర్ ఫాస్ఫేట్‌లో ఫ్లోరైడ్ ఉంటుంది. మీ బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్నా ఆకుల కొసలు గడ్డి రంగుకు మారి కిందికి ఎండుతూ వస్తాయి. అటువంటి చోట చెరువు నీరో, బావి నీరో ఇవ్వడం మేలు.

నాటడం

నాటే రోజు దుంపల పైపొరను వలిచి, లీటరు నీటికి 2 గ్రాముల కార్బెండజిమ్ అనే తెగులు మందు కలిపిన ద్రావణంలో అరగంట నానబెట్టి, నీడలో ఆరనివ్వండి. చేతులకు తొడుగులు వేసుకోవడం, పిల్లలను దూరంగా ఉంచడం మరచిపోవద్దు.

కోత పూల కోసం అయితే వరుసకు వరుసకు 30 సెంటీమీటర్లు, దుంపకు దుంపకు 20 సెంటీమీటర్లు ఎడం ఇవ్వండి. ఈ లెక్కన బాటలు, కాలువలు పోగా ఒక సెంటు నేలలో సుమారు 500 దుంపలు పడతాయి. ఇంటి ముందు అంచు మడిలో అందం కోసం నాటేవారు వరుసలు పెట్టకండి. వరుసలో నిలబడిన గ్లాడియోలస్ కంచె కర్రల్లా కనిపిస్తుంది. ఏడెనిమిది దుంపలను అరచేతి ఎడంతో గుండ్రంగా ఒక గుంపుగా నాటి, మూడడుగుల తరువాత ఇంకో గుంపు నాటితే కత్తుల్లాంటి ఆకుల మధ్య నుంచి పూలు ఎగసినట్టు ఉంటుంది. ఆ పేరు కూడా లాటిన్‌లో కత్తి అనే మాట నుంచే వచ్చింది. మొక్క మూడు నాలుగు అడుగులు పెరుగుతుంది కనుక గుంపులను వెనుక వైపు ఉంచి, ముందు పొట్టి బంతి, చామంతి వేయండి. ఆకులు పండుబారే రోజుల్లో ఈ ముందు వరుస వాటిని కప్పుతుంది.

లోతు 7 నుంచి 8 సెంటీమీటర్లు, ఇసుక నేలలో 10. మొన పైకి, వేళ్ల వలయం కిందికి ఉండాలి. నాటిన వెంటనే మడి అంతా దిగేలా ఒక తడి ఇచ్చి, పైన వరిగడ్డి పల్చగా పరచండి. మొలకలు కనబడేవరకు, అంటే పది నుంచి పదిహేను రోజుల దాకా, నేల చెమ్మగా ఉంటే చాలు. మొలకలు రాలేదని తొందరపడి రోజూ నీరు పెట్టేవారే ఎక్కువ దుంపలను పోగొట్టుకుంటారు. పెద్ద దుంప నుంచి రెండు మూడు మొలకలు వస్తే బలమైనదాన్ని ఉంచి మిగిలినవాటిని జాగ్రత్తగా విరిచేయండి, కాడ పొడవుగా వస్తుంది.

పెరిగే రోజులు

ఈ మొక్కను ఆకులు లెక్కపెట్టి పెంచాలి. మూడో ఆకు విచ్చుకొనే సమయానికి లోపల, మన కంటికి కనిపించకుండా, పూల కాడ రూపుదిద్దుకోవడం మొదలవుతుంది. ఆ పది రోజుల్లో నేల ఎండిపోయినా, వెలుతురు చాలకపోయినా ఆ మొక్క ఇక పూయదు. తరువాత ఎంత నీరు, ఎంత ఎరువు ఇచ్చినా అది ఆకులతోనే మిగిలిపోతుంది. కనుక మూడు ఆకుల దశలో ఒక తడి కూడా తప్పనివ్వకండి. అప్పుడే చదరపు మీటరుకు 20 గ్రాముల యూరియాను మొక్కకు బెత్తెడు దూరంలో వేసి మట్టిలో కలిపి నీరు పెట్టండి. ఆరు ఆకుల దశలో, కాడ బయటికి రావడానికి ముందు, మళ్లీ అంతే వేయండి. ఇసుక నేలల్లో నాలుగైదు రోజులకు ఒకసారి, ఎర్ర నేలల్లో వారానికి ఒకసారి తడి సరిపోతుంది. పెంపుడు బిడ్డకు తినిపించినట్టు యూరియా గుప్పించేవారు ఉన్నారు. దానివల్ల కాడలు మెత్తబడి వంగిపోతాయి, తెగుళ్లు కూడా ఎక్కువవుతాయి.

కలుపును బొరిగెతో పైపైనే తీయాలి, లోతుగా గుచ్చితే వేళ్లు తెగుతాయి. నాలుగైదు ఆకులు వచ్చాక మొదళ్లకు నాలుగు వేళ్ల ఎత్తున మట్టి ఎగదోయండి. భోగాపురం నుంచి కళింగపట్నం, బారువ వరకు తీరం వెంబడి ఉన్న ఊళ్లలో మట్టి ఎగదోయడం ఒక్కటే చాలదు, సముద్రపు గాలికి కాడలు పడిపోతాయి. వరుస రెండు చివరలా సన్నటి సరుగుడు కర్రలు పాతి, నేలకు ఒక అడుగు ఎత్తున ఒకటి, రెండడుగుల ఎత్తున ఒకటి కొబ్బరి తాళ్లను వరుసకు రెండు వైపులా లాగి కట్టండి. ఒక్కొక్క కాడకు కర్ర కట్టేటట్లయితే గోగునార వాడండి, ప్లాస్టిక్ తాడులా కోసుకుపోదు.

తామర పురుగు ఈ పంటకు ప్రధాన శత్రువు. ఆకుల మీద వెండి గీతలు కనబడితే అది వచ్చిందని తెలుసుకోండి. పట్టించుకోకపోతే మొగ్గల్లోకి దూరి రసం పీలుస్తుంది, మొగ్గలు అతుక్కుపోయి విచ్చుకోవు. నీలిరంగు జిగురు అట్టలు మడిలో వేలాడదీయడం, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె కలిపి వారానికొకసారి పిచికారీ చేయడం మొదటి నుంచి అలవాటు చేసుకుంటే చాలావరకు అదుపులో ఉంటుంది. అదుపు తప్పితే 5 శాతం ఫిప్రోనిల్‌ను లీటరుకు 2 మిల్లీలీటర్లు కలిపి, తేనెటీగలు తిరగని సాయంత్రం వేళ, పూలు విచ్చుకోకముందే కొట్టాలి. మంచు ఎక్కువగా కురిసే జనవరిలో ఆకుల మీద గోధుమరంగు మచ్చలు వస్తే మాంకోజెబ్ లీటరుకు 2.5 గ్రాములు పనిచేస్తుంది. అయితే ఒక మొక్క ఆకులు పక్కకు వంగి, కింది నుంచి పసుపు పచ్చగా మారుతున్నదంటే అది దుంపకు పట్టిన ఫ్యుజేరియం ఎండుతెగులు. దానికి మందు వెతకకుండా దుంపతో సహా పెకలించి కాల్చివేయండి, ఆ మడిలో మూడేళ్లపాటు గ్లాడియోలస్ నాటకండి.

పూలు కోయడం

పూలు పూర్తిగా విచ్చుకున్నాక కోసేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ కాడ ఇంట్లో మూడు రోజులు కూడా నిలవదు. కాడ మీద పూలు కింది నుంచి పైకి ఒక్కొక్కటిగా విచ్చుకుంటాయి. అడుగున ఉన్న ఒకటి రెండు మొగ్గలు రంగు చూపించగానే కోయండి, మిగిలినవి నీటిలో విచ్చుకుంటాయి. విశాఖపట్నం వంటి దూరపు మార్కెట్‌కు పంపేవారికి ఇది తప్పనిసరి. తెల్లవారుజామున గాని, పొద్దు వాలాక గాని పదునైన కత్తితో ఏటవాలుగా కోసి, వెంటనే నీటి బకెట్‌లో నిలబెట్టండి. కోసిన కాడలను నేల మీద పడుకోబెట్టి ఉంచితే కొన్ని గంటల్లోనే వాటి కొసలు పైకి తిరిగి కొక్కెంలా వంగిపోతాయి, ఆ వంపు మళ్లీ తీరదు. బస్సులో పంపినా, ఆటోలో పంపినా తడి గోనె చుట్టి నిలువుగానే పంపాలి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, నేను కూడా రెండో సంవత్సరం చేసినది, కాడను నేల దగ్గరికి కోయడం. కాడ పొడవుగా కనబడాలని ఆకులతో సహా కోశాను. తవ్వి చూస్తే కొత్త దుంపలు వేరుశనగ కాయలంత ఉన్నాయి. వచ్చే ఏటి దుంప పాత దుంప మీద ఇప్పుడే తయారవుతూ ఉంటుంది, దానికి తిండి పెట్టేది మిగిలిన ఆకులే. కనీసం నాలుగు ఆకులు మొక్కకు వదలండి, కాడ ఒక జానెడు పొట్టిగా వచ్చినా సరే.

కుండీలో నీటిని రెండు రోజులకొకసారి మార్చి, కాడ అడుగును ఒక సెంటీమీటరు కోసి, వాడిన కింది పూలు తీసేస్తూ, కొసన ఉన్న చివరి రెండు మూడు మొగ్గలను గిల్లేస్తే మన ఇళ్లలో ఒక వారం నిలుస్తాయి.

పూత అయిపోయిన తరువాత

పూలు కోశాక మడిని మరచిపోకండి. నెల రోజులపాటు తడులు ఇస్తూనే, ఆ తరువాత క్రమంగా తగ్గించి ఆపండి. పూత తరువాత ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఆకులు మూడొంతులు పసుపుబారుతాయి. మనకు ఇది నాటిన విడతను బట్టి మార్చి సగం నుంచి మే చివరి లోపల వస్తుంది. పొడి రోజు చూసి, గునపంతో పక్క నుంచి ఎత్తి, ఆకును దుంపకు ఒక అంగుళం పైన కోసి, రెండు మూడు వారాలు గాలి ఆడే నీడలో ఆరబెట్టండి. ఎండలో ఆరబెడితే దుంపలు ఉడికిపోతాయి. ఆరిన తరువాత అడుగున ముడుచుకుపోయిన పాత దుంప తేలికగా ఊడివస్తుంది. చుట్టూ అంటుకొని ఉన్న బఠాణీ గింజలంత పిల్ల దుంపలను వేరుగా తీసి ఉంచండి. వచ్చే నవంబరులో ఒక రోజు నీటిలో నానబెట్టి, బెత్తెడు ఎడంతో కాలువలో చల్లి పెంచితే రెండు మూడు సీజన్లలో పూసే సైజుకు వస్తాయి.

ఖాళీ అయిన అంచు మడిని వేసవి అంతా బోసిగా వదలనక్కరలేదు. మన ఏప్రిల్, మే ఎండలకు నిలిచే అంచు పూలు నేలసంపంగి, బొగడబంతి, జిన్నియా. వాటిని ఫిబ్రవరిలోనే పక్కన సిద్ధం చేసుకొని ఉంటే గుంపులు తవ్విన చోట వెంటనే నాటవచ్చు.

దుంపలను మే నుంచి అక్టోబరు దాకా నిల్వ ఉంచడమే మనకు కష్టమైన పని. ఎక్కువగా ఉంటే 4, 5 డిగ్రీలు ఉండే శీతల గిడ్డంగిలో పెట్టించాలి. వంద లోపు దుంపలైతే కార్బెండజిమ్ పొడి పట్టించి, గుడ్డ సంచిలోనో, చిల్లులు పెట్టిన కాగితపు సంచిలోనో వేసి, ఇంటి ఫ్రిజ్‌లో కింద కూరగాయల అర మీద ఉంచండి. మూసిన ప్లాస్టిక్ కవరులో పెడితే చెమ్మ పట్టి బూజు వస్తుంది, మామిడిపండ్లు, అరటిపండ్ల పక్కన పెడితే వాటి నుంచి వెలువడే వాయువుకు మొలక చెడుతుంది. నెలకొకసారి సంచి విప్పి, మెత్తబడినవాటిని ఏరివేయండి. నవంబరు మొదటి వారంలో, వానలు తెరిపి ఇచ్చాక, దుంపలను బయటికి తీసి పది రోజులు నీడలో, చాప మీద ఒక్క వరుసలో పరచి ఉంచండి. అడుగున వేళ్ల బొడిపెలు కనబడినవాటిని మొదటి విడత నాటుకు పక్కన పెట్టుకోండి.